పాడే బిడ్డ, పాడని బిడ్డ



సినిమాలలో ఒక కథ మనకు తరచుగా కనబడుతుంది. కన్నవారి అండలేని పిల్లవాడు పరాయి పంచన పెరుగుతుంటాడు. ఎవరికీ అక్కరలేదు. ఒకనాడు వేదికనెక్కి పాడతాడు. సభ అంతా చప్పట్లు! వానికి ఇల్లూ, ఆదరణా దొరుకుతాయి. మనం కళ్ళు తుడుచుకుంటాం. ఆ కన్నీళ్ళు మంచివే. అయితే ఒక్క ప్రశ్న: ఆ పిల్లవానికి పాట రాకపోతే?

అమెరికాలో జరిగిన నిజకథ ఒకటి వినండి. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అనే నల్లజాతి బాలికకు 1932లో తల్లి చనిపోయింది. అప్పటికామెకు పదిహేనేళ్ళు నిండీ నిండలేదు. అధికారులు ఆమెను న్యూయార్క్‌లోని అనాథ శరణాలయంలో ఉంచి, తరువాత హడ్సన్ పట్టణంలోని ప్రభుత్వ బాలికల శిక్షణాలయానికి పంపారు. అక్కడ నల్లజాతి బాలికలను కొట్టేవారనీ, గాయక బృందంలో తెల్లపిల్లలకే చోటుండేదనీ 1996లో ఒక పత్రిక బయటపెట్టింది. అక్కడినుండి తప్పించుకొని ఆమె వీధులపాలయింది. 1934 నవంబరు 21న హార్లెంలోని అపోలో థియేటరులో ఔత్సాహికుల పోటీకి వెళ్ళింది. నాట్యం చేయాలనుకున్నది. తనకు ముందు ఆడిన అక్కచెల్లెళ్ళను చూసి జంకి, పాట పాడింది. మొదటి బహుమతి గెలిచింది. వయసు 17.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మరొకరు. వీధిలో తుపాకి పేల్చాడని 1913లో న్యూ ఆర్లియన్స్‌లోని బాలుర గృహంలో వేశారు. అక్కడి ఉపాధ్యాయుడు పీటర్ డేవిస్ మొదట ఆ పిల్లవాణ్ణి నమ్మలేదు. తరువాత మనసు మార్చుకొని బాకా చేతికిచ్చాడు. ఒక చోట తలుపు మూశారు, మరొక చోట తెరిచారు.

ఈ కథలు విని, "ప్రతి అనాథలోనూ ఒక కళాకారుడున్నాడు" అంటాం. ఆ నీతి చాలదు. ఎల్లాతోపాటు హడ్సన్‌లో దెబ్బలు తిన్న మిగిలిన బాలికల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వారికి గొంతు లేకపోవచ్చు. అంతమాత్రాన అన్నానికీ, ఆప్యాయతకూ తక్కువ అర్హులా? ప్రతిభ చూపితేనే దగ్గరకు తీస్తామంటే అది ప్రేమ కాదు, బేరం.

అలాగని ప్రతిభను పట్టించుకోవద్దని కాదు. బాకా ఇవ్వాలి, పాటకు చోటివ్వాలి. కాని ముందు గూడు, తరువాత పాట. పాట బాగుంటే సంతోషిద్దాం. రాకపోయినా గూడు అలాగే ఉండాలి.

మన దేశంలోనూ, దత్తత తీసుకోకపోయినా, అండలేని బిడ్డను ఒక కుటుంబం కొంతకాలం పెంచే ఏర్పాటును 2015 నాటి బాలల న్యాయ చట్టం కల్పించింది. అంతదూరం వెళ్ళలేనివారి ఇళ్ళలోనూ చదువుకోసం వచ్చిన చుట్టాల బిడ్డో, తల్లిలేని మేనకోడలో ఉండవచ్చు. మార్కులు బాగా వచ్చిన రోజున ఆమె కంచంలో మరో గరిటె కూర వడ్డిస్తాం. తప్పిన రోజున?

ఈ రాత్రి వడ్డించేటప్పుడు మనల్ని మనం అడుగుదాం.