గిత్తలకు సెలవు, కొడుక్కి మోత

ఒంగోలుకు పడమటగా, నల్లరేగడి చేల మధ్య ఒక ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఆయనకు ఒక జత ఒంగోలు గిత్తలు, ఒక్కడే కొడుకు. ఆ ఏడు సంక్రాంతికి గిత్తలకు బండలాగుడు పందెం. పండగ దాటిన వారానికి కొడుక్కి కానిస్టేబుల్ ఎంపికలో పరుగు. 100 మీటర్లు, 15 సెకన్లు.

గిత్తల సంగతంతా రైతు తనే చూసుకున్నాడు. మొదట ఉత్త కాడి కట్టి నడిపించాడు. తర్వాత చిన్న బండ, ఆ తర్వాత కాస్త బరువైంది. పెద్ద బండ లాగించిన మర్నాడు మాత్రం కాడి ముట్టనివ్వలేదు. చెరువులో ఈదించి, ఒళ్లు రుద్ది, వేపచెట్టు నీడన కట్టేశాడు. ఉడికించిన ఉలవలు వేళ తప్పకుండా పెట్టాడు. పొరుగాయన వచ్చి ఒక్కపూట అరక ఇమ్మంటే, "పందెం దగ్గర పెట్టుకుని ఎద్దును అలవనిస్తామా బావా?" అని పంపేశాడు. పందెం రోజున కూడా మెల్లగా ఊరంతా తిప్పి, ఒళ్లు వేడెక్కాకే బరిలోకి దింపాడు. మొదటి బహుమతి ఆ గిత్తలదే.

అది మిరపకోతల కాలం. కొడుకు తెల్లవారకముందే లేచి కాలువగట్టు మీద పరుగెత్తేవాడు. రోజూ పూర్తి వేగంతో, ఓపిక అయిపోయేదాకా. ఆ తర్వాత చేలోకి. ఒకరోజు తొడ వెనక పట్టేసి గట్టు మీద కూర్చుంటే, "ఏందిరా, అట్టా కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?" అన్నాడు తండ్రి. వాడు లేచి మళ్లీ పరుగెత్తాడు.

పరుగుకు ముందురోజు ట్రాక్టరు వచ్చింది. గుంటూరు మిర్చి యార్డుకు పోవాల్సిన మిరపకాయల టిక్కీలన్నీ పొద్దుగూకేదాకా వాడే ఎత్తాడు. నిద్ర సరిగా పట్టలేదు. చలిలో మొదటి బస్సెక్కి, టీ తాగి, పేరు పిలిచేదాకా వరుసలో నిలబడ్డాడు. ఈల మోగింది. 60 మీటర్ల దాకా అందరికన్నా ముందున్నాడు. అక్కడ తొడ వెనక ఏదో పుటుక్కుమంది. కూలబడిపోయాడు.

ఆ సాయంత్రం నాయనమ్మ మనవణ్ణి మంచం మీద పడుకోబెట్టి, కొడుకును పిలిచింది. "అబ్బయ్యా, పందెం ముందురోజు గిత్తల మీద ఎన్ని టిక్కీలు వేశావు?"

"పందెం గిత్తల మీద ఎవరన్నా బరువు..." అని ఆగిపోయాడు ఆయన.

మళ్లీ నోటిఫికేషన్ వచ్చిన ఏడు, టిక్కీలెత్తడానికి ఆ రైతు కూలిమనిషిని పెట్టాడు.

నీతి: విశ్రాంతి కూడా సాధనే.

సేద్యం చేసే ఇళ్లలో ఖాళీగా కూర్చున్న కుర్రాడు సోమరిగా కనిపిస్తాడు. కానీ కండ బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు. పరుగులో అలిసిన కండకు తిండి, నిద్ర అందినప్పుడు బలపడుతుంది. అందుకే పూర్తి వేగపు పరుగు వారానికి రెండుమూడు సార్లు చాలు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. ఒక పరుగుకూ మరో పరుగుకూ మధ్య కూడా నాలుగైదు నిమిషాలు ఆగాలి. కండలో అప్పటికప్పుడు శక్తినిచ్చే నిల్వ కొన్ని సెకన్లలోనే ఖర్చయిపోతుంది, అది మళ్లీ నిండడానికి నిమిషాలు పడుతుంది. ఆగకుండా పరుగెత్తేవాడు అలసటలో పరుగెత్తడం నేర్చుకుంటాడు, వేగం నేర్చుకోడు.

చల్లబడ్డ ఒంటితో వేగం అందుకోవడం ఇంకా ప్రమాదం. పొట్టి పరుగుల్లో ఎక్కువగా దెబ్బతినేది తొడ వెనక కండరమే. బరిలోకి దిగేముందు పది నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. మోకాళ్లు ఎత్తుతూ, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపాలి. ఆ తర్వాత వేగం పెంచుకుంటూ మూడు నాలుగు చిన్న పరుగులు తీయాలి. కండను సాగదీసి చాలాసేపు అలాగే ఉంచడం పరుగయ్యాక చేసుకోవచ్చు, ముందే చేస్తే కాలి విసురు తగ్గుతుంది. ఆఖరి వారంలో పరుగుల సంఖ్య తగ్గాలి, వేగం తగ్గకూడదు. భోజనం పరుగుకు మూడు గంటల ముందే ముగియాలి.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చైనాలోని చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే సమయం 12.77. సెకనులో వందో వంతు తేడా. పొట్టి పరుగులో లెక్క అంత సన్నం. ముందురోజు మోసిన బరువు అలాంటి వందో వంతులను ఎన్నింటినో మింగేస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పరుగుకు ముందు రెండు రోజులు పిల్లల్ని ఏ బరువు పనికీ పిలవకండి. తొడ పట్టేసిందని చెబితే నమ్మండి. పరుగు ఆపించి డాక్టరుకు చూపించండి.