మాట ఇచ్చిన రాజు, మాట పుచ్చుకున్న జనం

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటుంది మన సామెత. రాజు తలపుకు అడ్డు లేదని సామెతకు తెలుసు. అడ్డు వేయడం ఎలాగో మాత్రం అది చెప్పదు. అధికారం గురించి లోతుగా ఆలోచించినవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఈ చిక్కు ఎదురవుతుంది: చట్టం చేసేవాడే చట్టానికి లోబడి ఉండగలడా? 1651లో వచ్చిన ‘లెవయథాన్’లో థామస్ హాబ్స్ అది కుదరని పని అని తేల్చేశాడు. సార్వభౌముడు తనకు తానే కట్టు వేసుకుంటే దాన్ని విప్పుకునే అధికారమూ తనదే కనుక అది అసలు కట్టే కాదన్నది ఆయన వాదం. వినడానికి తిరుగులేనిదిగానే ఉంటుంది. కానీ దానికి నాలుగు శతాబ్దాల ముందే, 1215 జూన్‌లో, ఇంగ్లండులో ఒక జవాబు తయారై ఉంది. దాన్ని తయారుచేసినవాళ్లు తత్త్వవేత్తలు కారు; భూముల కోసం, పన్నుల కోసం కత్తి దూసిన ప్రభువులు, వాళ్లకూ రాజుకూ మధ్య తిరిగిన ఒక మతగురువు. మాగ్నా కార్టాను మనం హక్కుల జాబితాగా చదవడానికి అలవాటుపడ్డాం. రాజు మాట ఇస్తే దాన్ని పుచ్చుకునేవాళ్లు ఎవరు అన్న ప్రశ్నకు సమాధానంగా చదివితేనే దాని అసలు బలం తెలుస్తుంది.

జాన్ 1199లో గద్దెనెక్కాడు. 1204 నాటికి నార్మండీ ఫ్రెంచి రాజు రెండో ఫిలిప్ పాలైంది. దాన్ని తిరిగి గెలవాలంటే డబ్బు కావాలి. యుద్ధానికి రాని ప్రభువుల దగ్గర వసూలు చేసే పన్ను మాటిమాటికీ వచ్చిపడింది. తండ్రి భూమి చేపట్టాలంటే కొడుకు కట్టవలసిన రుసుము రాజు నోటికి ఎంత వస్తే అంత. భర్త పోయిన ప్రభుస్త్రీ మళ్లీ పెళ్లికి ఒప్పుకోకుండా ఉండాలన్నా రాజు ఖజానాకు సొమ్ము చెల్లించుకోవాలి. 1214 జులైలో బూవీన్ దగ్గర జాన్ మిత్రసేనలు ఓడిపోవడంతో పిండిన డబ్బంతా నీళ్లపాలైంది. ఈలోగా కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా స్టీఫెన్ లాంగ్టన్‌ను ఒప్పుకోనన్నందుకు పోప్ మూడో ఇన్నోసెంట్ 1208 నుంచి ఆరేళ్లపాటు ఇంగ్లండులో ఆరాధనలు నిలిపివేయించాడు. 1213లో జాన్ దిగివచ్చి, రాజ్యాన్నే పోప్‌కు సమర్పించి, ఏటా వెయ్యి మార్కుల కప్పం కట్టే సామంతుడిగా తిరిగి పుచ్చుకున్నాడు. అలా దేశంలో అడుగుపెట్టిన లాంగ్టన్ పారిస్‌లో ఏళ్ల తరబడి బైబిల్ బోధించినవాడు. రాజు ధర్మశాస్త్రం ప్రతిని దగ్గర పెట్టుకుని చదవాలని, తోటివారికంటే తాను ఎక్కువని గర్వించకూడదని ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం చెబుతుంది. ఆ అధ్యాయంపై వ్యాఖ్యానం చేసిన పండితుడే రాజుకూ తిరుగుబాటుదారులకూ మధ్యవర్తి అయ్యాడు.

1215 మేలో లండన్ తిరుగుబాటుదారులకు తలుపులు తెరిచింది. జూన్ 15 తేదీతో, విండ్సర్‌కూ స్టెయిన్స్‌కూ మధ్య థేమ్స్ ఒడ్డున ఉన్న రన్నీమీడ్ అనే పచ్చికబయలులో పత్రం సిద్ధమైంది. రాజు దాని మీద సంతకం చేయలేదు, ముద్ర వేయించాడు. తరువాతివారు లెక్కపెట్టిన 63 క్లాజుల్లో ఎక్కువభాగం చిల్లర వ్యవహారాలే: నదుల్లో చేపల కోసం కట్టిన అడ్డుకట్టలు తీసేయాలి, ధాన్యానికీ సారాయికీ దేశమంతటా ఒకే కొలత ఉండాలి. వాటి నడుమ 39, 40 క్లాజులున్నాయి: సాటివారి తీర్పు వల్లనో దేశపు చట్టం ప్రకారమో తప్ప ఏ స్వతంత్రుణ్నీ బంధించకూడదు, ఆస్తి లాక్కోకూడదు, న్యాయాన్ని అమ్మకూడదు, నిరాకరించకూడదు, ఆలస్యం చేయకూడదు. అయితే అన్నింటికంటే నిశితంగా చూడవలసింది మొదటి క్లాజును. చర్చి స్వేచ్ఛను అందులో రాజు దేవుడికి ఇచ్చుకున్నాడు. ఆ వెంటనే, మిగతా స్వేచ్ఛలన్నింటినీ తన తరఫునా తన వారసుల తరఫునా రాజ్యంలోని స్వతంత్రులందరికీ, వాళ్ల వారసులకూ శాశ్వతంగా ఇచ్చాడు. అంటే మాట పుచ్చుకున్నవాళ్లు ఇద్దరు. హాబ్స్ చూడనిది ఇదే. తనకు తాను చెప్పుకున్న మాటను మనిషి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎదుటివాడికి ఇచ్చిన మాట ఇచ్చినవాడి చేతిలో ఉండదు. పుచ్చుకున్నవాడు వదిలిపెడితేనే ఆ రుణం తీరుతుంది.

రాజు ఏరు దాటాక తెప్ప తగలేస్తాడన్న సంగతి పత్రం రాసినవాళ్లకు తెలియనిది కాదు. అందుకే 61వ క్లాజు పెట్టారు. 25 మంది బారన్లు, అంటే ప్రభువులు, కాపలా ఉంటారు. రాజు తప్పితే వాళ్లలో నలుగురు వెళ్లి అడగాలి. 40 రోజుల్లో సరిదిద్దకపోతే దేశజనంతో కలిసి ఆయన కోటలూ భూములూ పట్టుకోవచ్చు, రాజును, రాణిని, పిల్లలను మాత్రం ముట్టుకోకూడదు. ఈ స్వేచ్ఛల రద్దుకు ఎవరి దగ్గరా ఏ ఉత్తర్వూ తెచ్చుకోనని, తెచ్చినా అది చెల్లదని కూడా రాజు చేత చెప్పించారు. జాన్ సరిగ్గా అదే చేశాడు. ఆగస్టు 24న ఇన్నోసెంట్ పత్రాన్ని కొట్టేశాడు. మన పురాణాల్లో బలి చక్రవర్తికీ ఇదే ఘట్టం ఎదురైంది. మాట తప్పినా దోషం లేదని సాక్షాత్తు గురువు శుక్రాచార్యుడే చెప్పాడు, బలి తప్పలేదు. హరిశ్చంద్రుడి కథ కూడా అంతే. ఆ కథలు మనకు గొప్ప రాజులను చూపించాయి గానీ, మాట నిలబెట్టుకోవడాన్ని రాజు గుణానికే వదిలేశాయి. బలి కాని రాజు ఉంటే ఏమిటి? రన్నీమీడ్ పత్రం పుట్టింది ఆ రాజు కోసం.

పోప్ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సామంతుడు తన ప్రభువు అనుమతి లేకుండా హక్కులు వదులుకున్నాడన్నది ఆనాటి రాజకీయం, పోనిద్దాం. కానీ భయపెట్టి రాయించుకున్న మాట చెల్లదన్నది ఈనాటికీ ఏ కోర్టయినా ఒప్పుకునే సూత్రమే. దీనికి జవాబు 1215లో దొరకదు, ఆ తరువాత జరిగినదానిలో దొరుకుతుంది. అంతర్యుద్ధం మధ్యలో 1216 అక్టోబరులో జాన్ చనిపోయాడు. ఆయన కొడుకు, తొమ్మిదేళ్ల మూడో హెన్రీ పేరు మీద, సంరక్షకుడు విలియం మార్షల్, పోప్ ప్రతినిధి గ్వాలా ఇద్దరూ కలిసి నవంబరులో అదే పత్రాన్ని తిరిగి జారీ చేశారు. బారన్లకు ఇచ్చిన కాపలా క్లాజు తీసేశారు. 1225లో పెద్దవాడైన హెన్రీ తన ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని రాయించి మళ్లీ ఇచ్చాడు. బదులుగా ప్రజలు చరాస్తిలో పదిహేనో వంతు పన్నుగా కట్టారు. బలవంతపు వాగ్దానం ఇచ్చిపుచ్చుకున్న ఒప్పందమైంది. డబ్బు పుచ్చుకున్నవాడు భయపడి ఇచ్చానని చెప్పడానికి వీల్లేదు.

అలాగని రాజులు మారిపోలేదు. 1253లో వెస్ట్‌మినిస్టర్‌లో బిషప్పులు వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని, పత్రాన్ని మీరినవాళ్లను వెలివేస్తున్నామని ప్రకటించి, వాటిని నేలకేసి కొట్టి ఆర్పారు. హెన్రీ గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణం ఆయన్ని మార్చింది తక్కువే. ఆయన కొడుకు మొదటి ఎడ్వర్డ్ 1297లో చేసిన ధ్రువీకరణ నుంచి 1305లో పోప్ ద్వారానే విముక్తి తెచ్చుకున్నాడు. దేవుడికి చేసిన ప్రమాణాన్ని దేవుడి ప్రతినిధి మాఫీ చేయగలిగాడు. రెండో గ్రహీత అయిన జనం దగ్గరున్న వాగ్దానాన్ని మాత్రం ఎవరూ మాఫీ చేయలేకపోయారు. 1297 ధ్రువీకరణ ప్రకారం పత్రం ప్రతులను ప్రధాన చర్చిల్లో ఉంచి ఏడాదికి రెండుసార్లు జనానికి చదివి వినిపించాలి. విన్నవాళ్లు అడుగుతూనే వచ్చారు. మధ్యయుగాలు ముగిసేసరికి 30కి పైగా సార్లు రాజులు దాన్ని ధ్రువీకరించవలసి వచ్చింది.

ఇదంతా దొరల తగాదా అనేవాళ్లున్నారు. నిజమే. ‘స్వతంత్రులు’ అన్న మాటలో పొలానికి కట్టుబడి బతికిన రైతులు చేరరు; వాళ్ల సేద్యపు సామగ్రి జరిమానా కింద పోకుండా కాపాడే ఒక్క క్లాజు తప్ప వాళ్లకు దక్కింది తక్కువ. స్త్రీ ఫిర్యాదు మీద హత్యానేరం కింద అరెస్టు చేయాలంటే చనిపోయినవాడు ఆమె భర్తే అయి ఉండాలని ఒక క్లాజు. యూదు వడ్డీవ్యాపారుల అప్పులను తగ్గించే క్లాజులు మరో రెండు. అయితే దొరలు తమ కోసం అడిగినదాన్ని తమ పేర్ల మీద కాక దేశపు చట్టం పేరు మీద అడిగారు. ఒకసారి అలా అడిగాక కంచె ఎక్కడ ఆపాలో వాళ్ల చేతిలో లేదు. 1354లో మూడో ఎడ్వర్డ్ కాలపు శాసనం అదే రక్షణను ఏ స్థాయి, ఏ స్థితి మనిషికైనా వర్తింపజేసింది. పదిహేడో శతాబ్దంలో న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ పాత పత్రంలో లేని అర్థాలు చదివాడన్నది మరో ఆక్షేపణ. చదివాడు. కానీ విచారణ లేకుండా జైల్లో పెట్టే రాజును 1628 హక్కుల విజ్ఞప్తితో ఎదుర్కొన్నప్పుడు పార్లమెంటు కొత్త హక్కు కోరలేదు, పాత బాకీ అడిగింది. బాకీ లెక్కలో వివాదం ఉండవచ్చు; బాకీ ఉన్నదన్న విషయంలో రాజుకు కాదనే దారి లేకపోయింది.

ఈ వారసత్వం మన రాజ్యాంగం 21వ అధికరణం దాకా వచ్చింది: చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదు. రాజ్యాంగం రాసేటప్పుడు, అమెరికా తరహా విశాలమైన పదాలు పెడితే న్యాయమూర్తులు సంఘసంస్కరణ చట్టాలను కొట్టేస్తారని వెనుకాడినవాళ్లలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. ఆ భయానికి ఆధారం ఉంది. కానీ ఇరుకు పదాల మూల్యం 1976లో తెలిసింది. అత్యవసర పరిస్థితిలో 21వ అధికరణం అమలు నిలిపివేశాక, నిర్బంధంలో ఉన్నవాడు కోర్టుకు రాలేడని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. అది హాబ్స్ తర్కమే: ఇచ్చినవాడే వెనక్కి తీసుకున్నాడు. జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ రాజ్యాంగంతో మొదలు కాలేదని, చట్టం లేకుండా వాటిని హరించే అధికారం రాజ్యానికి ఎప్పుడూ లేదని ఆయన రాశారు. 2017లో గోప్యతా హక్కు తీర్పులో తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 1976 నాటి మెజారిటీ తీర్పును తప్పని తోసిపుచ్చింది.

కాబట్టి పాలకుడు చట్టానికి లోబడగలడా అన్న ప్రశ్నకు జవాబు పాలకుడిలో వెతకకూడదు. మంచి రాజు దొరికితే అదృష్టం, దేవుడి భయం ఉన్న రాజు దొరికితే మరీ మంచిది. ఏ వ్యవస్థా ఆ రెంటి మీద ఆధారపడి నిలబడదు. రాజ్యాంగం మనకు ఎవరో దయతలచి ఇచ్చిన కానుక కాదు, మనం పుచ్చుకున్న మాట. పుచ్చుకున్నవాళ్లు అడగడం మానేసిన రోజున ఇచ్చినవాడు మాట తప్పాల్సిన పని కూడా ఉండదు. అడగడమే పౌరుడి బాధ్యత.