గర్బా వచ్చి బతుకమ్మను ఆగం చేసిందా?

డీజే పెట్టి, దాండియా కట్టెలు తిప్పి, గుజరాతీల ఆట తెచ్చి మన బతుకమ్మను ఆగం చేస్తున్నారు. ఈ మాట ఇప్పుడు సద్దుల నాటికి మా రుద్రంగిలో కూడా వినబడుతోంది. అనేవాళ్ళ బాధ నాకు తెలుసు. బతుకమ్మలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. డీజే మోతలో ఎవరి పాట వాళ్ళకే వినబడదు. కానీ ఆ తప్పు గుజరాతీలది ఎట్లా అవుతుంది?

గర్బాకూ నడుమ ఒక కుండ ఉంటుంది. చిల్లులు పెట్టిన మట్టికుండ, లోపల దీపం. దాన్నే గర్బో అంటారు, మాట గర్భం నుంచి వచ్చింది. దాని చుట్టూ చప్పట్లు కొడుతూ పాడుతూ తిరగాలి. మనకు నడుమ తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ, పక్కన పసుపు గౌరమ్మ. మనం పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలుపెడితే వాళ్ళు తెల్లారి పాడ్యమినాడు మొదలుపెడతారు. ఇక కట్టెలంటారా, కోలాటం మనకు కొత్తదేమీ కాదు. అక్కడ కూడా ఆడవాళ్ళ నోటిపాటను స్టేజీలు, స్పీకర్లు, టికెట్లు మింగేశాయని బాధపడే పెద్దవాళ్ళున్నారు. గర్బాను చెడగొట్టిన స్పీకరే మన దగ్గరికీ వచ్చింది, అంతే.

పైగా గుజరాత్ మనకు పరాయి దేశమా? మగ్గం కూడు పెట్టనప్పుడు సిరిసిల్ల, కోరుట్ల దిక్కు పద్మశాలీలు భివండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయారు. సూరత్ మున్సిపాలిటీ మనవాళ్ళ పిల్లల కోసం తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. అక్కడ బతుకమ్మ ఆడుతుంటే ‘తెలంగాణోళ్ళ ఆట తెచ్చిండ్రు’ అని ఎవరన్నా ముఖం మాడ్చుకుంటే మనకెట్లుంటది? 2017లో సర్కారు బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించింది, టైం చాలక కొన్ని సూరత్ నుంచి తెప్పించింది. నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్ళు చీరలు కాలబెట్టారు. కోపం న్యాయమైందే. కానీ ఆ నాలుగురోజులూ ‘సూరత్ చీర’ అనేది తిట్టయిపోయింది. సూరత్ మగ్గాల మీద మనోళ్ళ చేతులు కూడా ఉన్నాయన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గర్బా దగ్గర నేర్వకూడనిది ఒకటుంది, అది కట్టెలు కాదు. 2023 డిసెంబర్‌లో యునెస్కో గర్బాను వారసత్వ జాబితాలో చేర్చింది, మనుషుల మధ్య తేడాలను పలచబరిచే ఆట అని మెచ్చుకుంది. అదే గర్బా పందిళ్ళ గేటు దగ్గర ఆధార్ కార్డులు చూడాలని, ముస్లింలను రానీయొద్దని కొన్నేళ్ళుగా కొన్ని సంఘాలు పట్టుబడుతున్నాయి. గుండ్రంగా నిలబడితే అందరూ సమానమే అంటాం గానీ, ఆ గుండ్రానికి ఒక బయట కూడా ఉంటుంది.

అది చూసి మనం మురిసిపోవాల్సిన పని లేదు. బతుకమ్మకు గేటు లేదు, టికెట్ లేదు, నిజమే. అయినా తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల దళితవాడ ఆడవాళ్ళు వేరుగానే ఆడుకున్నారు. ఊరి బతుకమ్మల నడుమ తమది పెట్టే వీలు వాళ్ళకు లేకపోయింది. ఆ గీత గీయడానికి ఏ గుజరాతీ రాలేదు. డీజే వద్దని పంచాయతీలో తీర్మానం చేయడం తేలికే, నేనూ సంతకం పెడతాను. వాడ బతుకమ్మ ఈసారి ఎక్కడ ఆడతారో కూడా అదే కూర్చీల్లో కూర్చుని అడగాలి.