ఇవ్వలేనన్న మాటకు చోటు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, జీడితోటల మధ్య బతికే ఒక తండ్రిని ఊహించుకుందాం. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద గడపాలి. కిడ్నీ మారిస్తే మేలని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నది ఎదిగిన కూతురు. ఆమెను ఆయన అడగవచ్చా?

కన్నఋణం ఉంది కాబట్టి అడగవచ్చని కొందరంటారు. కానీ ఋణమంటే తీసుకున్నవారు ఒప్పుకున్నది. నన్ను కనమని ఏ బిడ్డా అడగలేదు. ప్రేమతో పెంచినదాన్ని అప్పుగా లెక్క కడితే ఆ ప్రేమకు మిగిలే విలువ ఏమిటి? కృతజ్ఞత అబద్ధమని కాదు. అది బిడ్డ మనసులో పుట్టవలసినది, తండ్రి వసూలు చేసుకోదగినది కాదు.

మరి శిబి, దధీచి? ఒకరు తన మాంసాన్ని, మరొకరు తన ఎముకలను ఇచ్చారని చిన్నప్పటి నుంచీ విన్నాం. కాదనగలిగి కూడా ఇచ్చారు కాబట్టే వాళ్లను తలుచుకుంటున్నాం. ఆ కథలు ఇచ్చేవారు తమకు తాము చెప్పుకోదగినవి. తటపటాయిస్తున్న మనిషికి మనం వినిపిస్తే అవే కథలు ఒత్తిడిగా మారతాయి.

వైద్యులకూ ఈ ప్రశ్న ఎదురైంది. తనకు ఏ జబ్బూ లేని మనిషిని కోయడం న్యాయమేనా? 1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. ఆపరేషన్ ముందు రాత్రి రిచర్డ్ ఒక చీటీ పంపాడు, ఇంటికి వెళ్లిపొమ్మని. రోనాల్డ్ ఉంటానని బదులు రాశాడు. ఆ తర్వాత రిచర్డ్ ఎనిమిదేళ్లు బతికాడు. వైద్యచరిత్ర ఆ ఆపరేషన్‌ను గుర్తుంచుకుంది. మనం ఆ చీటీని కూడా గుర్తుంచుకోవాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషే ఎదుటివాడికి తలుపు తెరిచి పెట్టాడు.

మన దేశంలో 1994 చట్టం అవయవాల అమ్మకాన్ని నేరం చేసింది. దగ్గరి బంధువులు ఇవ్వడాన్ని అనుమతించింది. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, మనవరాళ్లు కూడా ఆ జాబితాలో చేరారు. చేతులు మారిన డబ్బును చట్టం పట్టుకోగలదేమో గాని, ఇంట్లోవాళ్ల చూపుల్లోని బరువును తూచలేదు. ఇక్కడ బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. వాళ్ల ప్రేమను శంకించడం అన్యాయం. అయితే అదే ఇంట్లో మగవాళ్లను ఎంత గట్టిగా అడిగారో విచారించకపోవడం కూడా అన్యాయమే.

అలాగని తండ్రి జబ్బును దాచిపెట్టాలా? దాచడమంటే కూతురి తరఫున తానే నిర్ణయం తీసుకోవడం. కాబట్టి ఉన్నదంతా చెప్పాలి. ఆపరేషన్‌లో ఉండే ప్రమాదాన్ని చెప్పాలి. ఉద్దానంలో ఎంతోమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు కనుక, ఆమె కిడ్నీలు రేపు ఆమెకే అవసరం కావచ్చన్నదీ చెప్పాలి. డాక్టరుతో ఆమె ఒంటరిగా మాట్లాడాలి. ఆమె వద్దంటే ఆ మాట డాక్టరు దగ్గరే ఆగిపోవాలి. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో తన పేరు నమోదు చేయించుకుని, బ్రెయిన్ డెడ్ అయిన దాతల కిడ్నీ కోసం తండ్రి ఎదురుచూడవచ్చు. అప్పుడు భారమంతా ఆమె ఒక్కదాని మీదే పడకుండా ఉంటుంది. బ్రెయిన్ డెడ్ అయితే మన అవయవాలు ఇవ్వాలని మనం ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచితే, అలాంటి ఇళ్లకు మనవంతు సాయం చేసినట్టే.

ఇవ్వలేనన్న కూతురు మర్నాడు అదే ఇంట్లో, అదే ఆదరంతో అన్నం తినగలగాలి. అలాంటి ఇంట్లో ఇస్తానన్న మాటే దానం.