వెనక్కి తిరిగే చోటు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. మూడో అంతస్తులో పక్కపక్క గదుల్లో ఒక లెక్కల సార్, ఒక ఫిజిక్స్ సార్ పాఠాలు చెప్పేవారు. ఇద్దరికీ నలభై దాటాయి. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఇంజినీర్లను చేసి పంపినవాళ్లే. సాయంత్రం బ్యాచ్‌కి ముందు డాబా మీద టీ తాగుతుంటే, నాదర్‌గుల్ వైపు ఆకాశంలో అప్పుడప్పుడు చుక్కలా ఒక శిక్షణ విమానం తిరుగుతూ కనిపించేది. కింద మెట్రో పోతున్నా ఇద్దరి చెవులూ ఆ చుక్క వైపే ఉండేవి.

ఒకనాడు ఫిజిక్స్ సార్ అన్నాడు: "రెక్క ఎట్ల లేస్తదో పదివేల సార్లు బోర్డు మీద గీసిన సార్. ఒక్కసారన్న ఆ రెక్క కింద కూసోవద్దా?"

ఆ మాట ఇద్దరికీ నిద్ర లేకుండా చేసింది. కూడి చూసుకున్నారు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. పై వయసు అడ్డం లేదు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. వాళ్లు రోజూ చెప్పేవి అవే. ఎయిర్‌లైన్‌లో 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు. 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తానే విమానానికి అధిపతిగా. ఖర్చు అటూఇటూగా యాభై లక్షలు.

ఫిజిక్స్ సార్ ఆ వేసవిలోనే రాజీనామా ఇచ్చాడు. హయత్‌నగర్ వైపు ప్లాటు అమ్మి, చాలనిదానికి అప్పు తెచ్చి, ఫీజు కట్టేశాడు.

లెక్కల సార్ భార్యకు చెప్పాడు. చైతన్యపురిలో ఆమెది చీరలకు ఫాల్, పీకో కుట్టే దుకాణం. మిషన్ ఆపకుండానే విన్నది. "పోండి, నేను వద్దనను. కానీ ఎందాక పోయినంక వాపసు వస్తరో అది రాసిపెట్టి పోండి" అంది. ఆయన మనసు చివుక్కుమంది. గడప దాటకముందే తిరుగు ముచ్చటేమిటి అనుకున్నాడు.

అయినా తొందరపడలేదు. ముందు మెడికల్‌కి వెళ్లాడు, క్లాస్ టూ, ఆ తర్వాత క్లాస్ వన్. కంటిలో రంగుల తేడా ఉన్నా, గుండె పరీక్షలో గీత వంకరపోయినా కథ అక్కడే ఆగిపోయే వీలుంది. ఆగలేదు. ఇక పాఠాలు చెప్పుకుంటూనే రాత్రిళ్లు ఎయిర్ రెగ్యులేషన్స్, మీటియరాలజీ, నావిగేషన్ చదివాడు. పాసవ్వాలంటే నూటికి 70 రావాలి.

నావిగేషన్ పుస్తకంలో ఒక లెక్క దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది. పాయింట్ ఆఫ్ నో రిటర్న్. అది దాటితే బయలుదేరిన చోటికి తిరిగి రావడానికి ఇంధనం చాలదు. రిజర్వు పక్కన పెట్టగా ఆరు గంటల ఇంధనం ఉందనుకోండి. గాలి లేకపోతే మూడు గంటలు పోయి తిరగొచ్చు, అది చిన్నపిల్లల లెక్క. కానీ వెనక నుంచి గాలి తోస్తుంటే? పోయేటప్పుడు వేగం 120 నాట్లు, వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై 80. అప్పుడు తిరగాల్సింది మూడు గంటలకు కాదు, రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు. అప్పటికి 288 నాటికల్ మైళ్లు వచ్చి ఉంటాడు. ఆ దూరం వెనక్కి రావడానికి మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు పడుతుంది. ఇంధనం సరిగ్గా అక్కడికి సరి.

అర్ధరాత్రి భార్యను లేపి చూపించాడు. "నువ్వడిగిందే ఇది" అన్నాడు.

తెల్లారి క్యాలెండర్ కాగితం వెనక రాశాడు: బిడ్డ చదువు పైసలు ముట్టను. ఇల్లు తాకట్టు పెట్టను. రెండేళ్లు, ఇంత సొమ్ము. ఇందులో ఏది ముందు తీరితే ఆనాడు తిరిగొస్తాను. ఆ కాగితం మిషన్ పక్కన గోడకు అంటించాడు. కోచింగ్ సెంటర్‌తో మాట్లాడి, టెస్టు పేపర్లు తయారుచేసే పని మాత్రం చేతిలో ఉంచుకున్నాడు.

తర్వాత అందరికీ జరిగేదే ఆయనకూ జరిగింది. వానలు పట్టాయి. విమానాలు రిపేరుకు పోయాయి. వరసలో పేరు కిందికి జారింది. రెండేళ్లు నిండేసరికి లాగ్‌బుక్‌లో 140 గంటలు. "ఇంకా అరవయ్యే కదా సార్, అప్పు చేయండి" అన్నారు తోటివాళ్లు. ఆయన తిరిగొచ్చి చాక్‌పీస్ పట్టుకున్నాడు. ఆ వారం అన్నం సయించలేదని చెబుతారు.

ఫిజిక్స్ సార్ కూడా అవే వానల్లో చిక్కుకున్నాడు. గాలిలో అతని చెయ్యి లెక్కల సార్ చేతికన్నా బాగుండేది, అది ఒప్పుకోవాలి. సొమ్ము సగమైనప్పుడు "ఇంకా సగం ఉంది" అనుకున్నాడు. 170 గంటల దగ్గర పైసా లేక ఆగాడు. వెనక్కొస్తే అతని బ్యాచ్ వేరేవాళ్లది, జీతం సగం, వడ్డీ నెలనెలా.

లెక్కల సార్ పద్నాలుగు నెలలు కూడబెట్టి మళ్లీ వెళ్లాడు. ఆ 200 గంటలు దరఖాస్తుకు ముందు అయిదేళ్లలో ఎగిరినవై ఉంటే చాలు, కాబట్టి పాత 140 పనికొచ్చాయి. 300 నాటికల్ మైళ్ల ఒంటరి ప్రయాణం పూర్తిచేసి, నలభై ఎనిమిదో ఏట లైసెన్సు తెచ్చుకున్నాడు.

నీతి: నడివయసులో కొత్త దారి పట్టేవాడు తిరిగే చోటును నేలమీదే గుర్తుపెట్టుకోవాలి. వెనక గాలి ఎంత బలంగా తోస్తే ఆ చోటు అంత ముందే వస్తుంది.

ఇది పిరికి మాట కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇరవై ఏళ్లవాడికి తిరుగుదారిలో ఎదురుగాలి తక్కువ, అమ్మానాన్నల ఇల్లు ఉంటుంది. నలభై నాలుగేళ్లవాడు తిరిగొచ్చేసరికి కుర్చీలో వేరొకరు కూర్చుని ఉంటారు, పిల్లల ఫీజు గడువు వచ్చి ఉంటుంది. పోయేటప్పుడు తోసిన ఉత్సాహమే వచ్చేటప్పుడు అవమానమై ఎదురొస్తుంది. సగం సొమ్ము మిగిలిందంటే సగం దారి మిగిలిందని కాదు. పైగా లైసెన్సు ఒక్కటే ఉంటే ఉద్యోగం వస్తుందని లేదు. ఎయిర్‌బస్ లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) వేరే, దాని ఖర్చు వేరే లక్షలు. కొన్ని సంస్థలు కొత్తగా చేర్చుకునేవాళ్లకు వయసు హద్దు పెడతాయి. చేరినా సీనియారిటీ చేరిన రోజు నుంచే, పక్క సీట్లోని కెప్టెన్ మీ శిష్యుడి వయసువాడు కావచ్చు.

తిరిగి రావడం ఓడిపోవడం అనుకునేవాళ్లు మన పాతబస్తీ నుంచి పైలట్ అయిన సయ్యదా సల్వా ఫాతిమాను గుర్తుచేసుకోవాలి. తండ్రి బేకరీ పనివాడు. లైసెన్సు వచ్చాక పెళ్లి, బిడ్డ. ఆ తర్వాతే ఆమె పెద్ద విమానాల శిక్షణకు మళ్లీ కదిలారు.

కథలో ఒకటి చెప్పలేదు. ఆ క్యాలెండర్ కాగితం ఇంకా మిషన్ పక్కనే ఉంది. పాత అంకెలు కొట్టేసి, కింద టైప్ రేటింగ్‌కు కొత్త తేదీ, కొత్త మొత్తం రాసి ఉన్నాయి. ఈసారి చేతిరాత లెక్కల సార్ భార్యది.