పూలలోయలో ఎవరి తీరిక?

ఆడవాళ్ళకి పనిలేకుండా తిరిగే హక్కు వుండాలని మనం చాలాకాలంగా అంటున్నాం. గుడికో, ఆస్పత్రికో, పిల్లల బడికో కాదు, వూరికే. 'ఎక్కడికి?' అని అడిగితే 'ఎక్కడికీ కాదు' అని చెప్పగలగడం. నేనూ అన్నాను, రాశాను. ఆ మాట మీద నాకిప్పటికీ అనుమానం లేదు. అయితే నేను వూరికే తిరగడానికి కేటాయించిన చోట, ఇంకో స్త్రీ పని మీద తిరగడం నేరమైపోతే? ఆగస్టులో ఆరు రోజులు ఉత్తరాఖండ్‌లోని పూలలోయ చుట్టుపక్కల నడిచినప్పుడు ఈ ప్రశ్న నా వెంటపడింది.

నలుగురం వెళ్ళాం. ముగ్గురం రిటైరయినవాళ్ళం, ఒకమ్మాయి ఇంకా పిహెచ్‌డి చేస్తోంది. ఎవరి బ్యాగు వాళ్ళే మొయ్యాలని ముందే అనుకున్నాం. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, ఆ తర్వాత ఘంగారియా దాకా పది కిలోమీటర్ల ఎక్కుడు. దారంతా కంచరగాడిదలు, హేమకుండ్ సాహిబ్‌కి వెళ్ళే సిక్కు యాత్రికులు, మనుషుల్ని బుట్టలో కూచోబెట్టి వీపున మోస్తున్న కుర్రాళ్ళు. లోయలో రాత్రి వుండనివ్వరు. అందుకని ఘంగారియాలో బస చేసి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళం, మూడు రోజులు.

పూల గురించి ఎక్కువ రాయను. మన పెరట్లో కాశీతుంబకి అక్కలాంటి మొక్క ఒకటి అక్కడ నిలువెత్తు పెరిగి కొండవాలంతా గులాబీరంగు చేసేస్తుంది. దాని మధ్య నిలబడితే అరవై ఏళ్ళుగా ఇంత ఖాళీగా ఎప్పుడున్నాను అనిపించింది. గంటసేపు ఎవరికీ ఏమీ వండనక్కర్లేదు, ఎవరి ఫోనూ రాదు. ఆ గంట విలువ నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఈ లోయని 1931లో ఫ్రాంక్ స్మైత్ కనుక్కున్నాడంటారు. కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ అతనూ, సహచరులూ ఇటు వచ్చారు. 1937లో మళ్ళీ వచ్చి, మరుసటేడు దీని పేరు మీద పుస్తకం వేశాడు. అప్పటికే కింది వూళ్ళవాళ్ళు ఎండాకాలం గొర్రెల్ని తోలుకుని ఇక్కడికొచ్చేవాళ్ళు. కాబట్టి 'కనుక్కోవడం' అన్న మాటని మనం ఎలా చదవాలో మీకు చెప్పక్కర్లేదు. లోయలో ఒక సమాధి వుంది, జోన్ మార్గరెట్ లెగ్గీది. మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో, 54 ఏళ్ళ వయసులో, ఇక్కడి రాళ్ళ మీద జారిపడి చనిపోయింది. సమాధి రాయిని తర్వాత ఆమె సోదరి పెట్టించింది. ఆ రాయి దగ్గర మా నలుగురికీ గొంతు పట్టేసింది. ఆ కాలంలో ఒక స్త్రీ పూలకోసం అంతదూరం రావడం! అక్కడే నాకు ఇంకోటీ తోచింది. ఆమె పేరూ, పుట్టిన తేదీ కూడా రాతిమీద వున్నాయి. ఇదే రాళ్ళమీద కొడవలితో నడిచిన వాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

1982లో లోయని నేషనల్ పార్క్ చేశారు. మేత ఆపేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తిరిగొస్తూ పుల్నాలో టీ తాగినప్పుడు ఆ కొట్టు నడుపుతున్నావిడని అడిగాను, ఆవిడకి అరవై దాటివుంటాయి. 'దీదీ, మీరు పైన పూలు చూశారా?' అని. 'పూలెవరు చూశారు బెహన్‌జీ, గడ్డి చూశాం' అని నవ్వింది. కాసేపాగి చెప్పింది, కోడలిగా వచ్చిన కొత్తలో పైకి పంపినరోజే ఆవిడకి వూపిరాడేదట. అత్తగారి కేక వినిపించనంత దూరం. ఈడువాళ్ళతో పాటలు, ఏడుపులు, మొగుళ్ళ మీద జోకులు. మోపు బరువు తిరుగు దారిలోనే గదా అంది.

అప్పటిదాకా నేను దీన్ని జీవనోపాధి సమస్యగానే ఆలోచిస్తున్నాను, గడ్డి పోతే పశువులు పోతాయని. ఆవిడ పోగొట్టుకున్నదాంట్లో నేను అక్కడ వెతుక్కున్నదే వుంది. పని వంకతో దొరికే తీరిక. మన వూళ్ళల్లో కలుపుకి, కట్టెలకి, చెరువుకి వెళ్ళిన ఆడవాళ్ళకీ అదే. పేరు పనే, దాని లోపల వున్నది స్వేచ్ఛ. చట్టానికి తీరిక అంటే టికెట్ కొనుక్కున్నవాళ్ళదే. మోపు కింద వున్నది దానికి కనపడదు.

ఇదే చమోలీ జిల్లాలోని రేణిలో 1974లో గౌరాదేవి, తోటి స్త్రీలు చెట్లని కాచుకుని నిలబడ్డారు. చిప్కో అని మనం పాఠాల్లో చెప్తాం. 1982లో నందాదేవి కూడా పార్కయింది, ఆ వూళ్ళకే పైపైకి వెళ్ళే దారి మూసుకుపోయింది. 2022 జులైలో హెలంగ్‌లో గడ్డిమోపులతో వస్తున్న స్త్రీలని ఆపి, మోపులు లాక్కుని, పోలీసు స్టేషన్‌కి తీసికెళ్ళారు. అక్కడ పార్కు కూడా లేదు, జలవిద్యుత్ ప్రాజెక్టు వుంది. పువ్వు కోసమైనా కరెంటు కోసమైనా ముందు అనుమానించేది కొడవలినే.

మేతవల్ల పూలు పోతాయని అన్నారు. ఇప్పుడేమో ఒక మొండి మొక్క, అక్కడివాళ్ళు అమేలా అంటారు, లోయలో చాలాచోట్ల కమ్మేస్తే అటవీశాఖ దాన్ని పీకిస్తోంది. మేత ఆగినందువల్లే అది పెరిగిందని కొందరు, అంతకుముందు పశువులు గుంపుగా పడుకున్న చోట్ల వల్లనని కొందరు. నిర్ణయించే చదువు నాకు లేదు. గొర్రెలు ఎన్నయినా రావచ్చని కూడా నేననను. ఎన్ని, ఎప్పుడు అన్నది లెక్కపెట్టొచ్చు. పర్యాటకుల్ని లెక్కపెడుతున్నాం కదా.

మా పిహెచ్‌డి అమ్మాయి ఒప్పుకోలేదు. రైల్లో వాదన. 'మీరు మోపుని రొమాంటిసైజ్ చేస్తున్నారు మేడమ్. గ్యాస్ వచ్చాక కట్టెలకోసం ఎవరైనా ఏడ్చారా?' అంది. మంచి ప్రశ్న. ఏడవలేదు, ఎందుకంటే గ్యాస్ వచ్చింది. ఇక్కడ గడ్డి బదులు ఏమొచ్చింది? కంచరగాడిదలు, హోళ్ళు, గైడు పనులు. దారిలో మేం చూసినంతవరకు అవన్నీ మగవాళ్ళ చేతుల్లోనే వున్నాయి. పుల్నా ఆవిడ టీకొట్టు మినహాయింపు. పైగా రోజంతా ఆ కొట్లోనే కూచోవాలి, అత్తగారి కేక వినపడని చోటు ఇప్పుడామెకి లేదు, అత్తగారు పోయినా సరే. 2006 అటవీహక్కుల చట్టం నేషనల్ పార్కులకీ వర్తిస్తుంది, మేత హక్కు కావాలని గ్రామసభ ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. ఆ కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలని నిబంధన. గడ్డి హక్కయితే అర్జీలో రాయొచ్చు, పాటలకీ మొగుళ్ళమీద జోకులకీ ఏ కాలమ్ వుంటుంది అని ఆ అమ్మాయే అడిగింది. నాగపూర్ దాటేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం.