నూరు నొక్కే ముందు

1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఓ ఇల్లు తగలబడి అయిదుగురు ఆడవాళ్లు చనిపోయారు. మంటలు చూసిన పొరుగాయన అగ్నిమాపక దళం కోసం ఫోన్ ఎత్తితే, ఎక్స్ఛేంజిలో ఆ కాల్ మామూలు కాల్స్ వెనక వరసలో ఉండిపోయింది. ఆయన టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. విచారణ కమిటీ పడింది. 1937 జూన్ 30న 999 మొదలైంది. ఆ నంబరుకు కాల్ వస్తే ఎక్స్ఛేంజిలో ఎర్ర దీపం వెలిగి, హారన్ మోగేది. ఒకరి ప్రాణం మీదికొచ్చినప్పుడు మరొకరి కబుర్లు ఆగాలని ఓ సమాజం తీర్మానించుకోవడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

అయితే ప్రాణం మీదికొచ్చిందని తేల్చేదెవరు? బ్రిటన్‌లో తొందరలేని పోలీసు పనికి 101 వేరే ఉంది. (అదే 101 మన దగ్గర నొక్కితే ఫైరింజన్ వస్తుంది.) మనకు అర్జెంటు పనికి 100, ఇప్పుడు 112. తక్కినవాటికి స్టేషన్ ల్యాండ్‌లైన్, లేదా తెలిసినవాళ్లను పట్టుకుని సంపాదించిన ఎస్సై గారి సెల్ నంబరు. పోయిన వారం పర్సు కొట్టేస్తే అర్జెంటు కాదు, కళ్లముందు కొట్టేస్తుంటే అర్జెంటు. ఇంతవరకూ చిక్కు లేదు. అర్ధరాత్రి పక్క వాటాలో ఆడమనిషి ఏడుపు, గిన్నె విసిరిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. అది ఏ లెక్కలోకి వస్తుంది? ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని టీవీ సౌండు పెంచే చేతికి ఆ లెక్క ముందే తేలిపోయింది.

మనం మన కష్టాన్ని కూడా తక్కువచేసి చూపించుకుంటాం. ‘ఇంత చిన్నదానికి పోలీసులా?’ అనిపిస్తుంది. మా ఇంటా వంటా స్టేషన్ మెట్లెక్కినవాళ్లు లేరని చెప్పుకోవడం ఇప్పటికీ పరువే. అలా పెరిగిన మనిషి ఆపదలో ఎవరికి ఫోన్ చేస్తుంది?

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఓ యువ వైద్యురాలు ఆపద ముంచుకొచ్చిన రాత్రి చెల్లెలికి చేసింది. ఆమె హత్య తర్వాత, చదువుకున్న అమ్మాయి అయి ఉండి 100కి చేయకుండా చెల్లెలికి చేసిందేమిటని అప్పటి రాష్ట్ర హోం మంత్రి అన్నారు. జనం మండిపడ్డారు. నాకు ఆ మాటలోని కరుకుదనం కంటే అందులోని అజ్ఞానమే ఎక్కువ బాధ కలిగించింది. భయం వేసినప్పుడు మనిషి నంబరును వెతుక్కోదు, తనను నమ్మే గొంతును వెతుక్కుంటుంది. చెల్లెలు ‘నువ్వు అంత రాత్రి అక్కడెందుకున్నావ్’ అని నిలదీయదు. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు పట్టుకుని వెళ్తే, అది మా పరిధి కాదన్నారని తర్వాత తెలిసింది. కేసు నమోదులో ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఇంతకీ చెల్లెలికి చేయడం ఆమె తెలివితక్కువతనమా, ఈ దేశం ఆమెకు నేర్పిన తెలివా?

వెనకటి రోజుల్లో ఊళ్లో కేకేస్తే పలికేవారని మురిసిపోయేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కేక ఏ వాడ నుంచి వచ్చిందో చూసుకుని పలికిన ఊళ్లవి. 100కి రింగయ్యే ముందు కులం అడగడం ఉండదు. ఆ మేరకు అది గొప్ప అడుగే. కాల్ ఎత్తినవాళ్లు ముందుగా అడిగేది ‘ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?’ అని. ‘వాటర్ ట్యాంకు వెనక సందు, కిరాణా కొట్టు ఎదురుగా’ అని చెబుతాం. అక్కడి దాకా ఏ వాడవాళ్లయినా సమానులే. బండి వచ్చాక, స్టేషన్లో కుర్చీ ఎవరికి వేస్తారు, ఎవర్ని గుమ్మం దగ్గర నిలబెడతారు అన్నదగ్గర మళ్లీ పాత ఊరే ఎదురవుతుంది.

మాట్లాడలేనివాళ్ల మాటేమిటి? కొట్టేవాడు పక్కనే ఉంటే ‘హలో’ కూడా ప్రమాదమే. బ్రిటన్‌లో సెల్ నుంచి 999కి చేసి, నోరు విప్పలేకపోతే 55 నొక్కమంటారు. మన సెల్‌ఫోన్లలోనూ పానిక్ బటన్ ఉండాలని 2017 నుంచి నిబంధన వచ్చింది. మామూలు ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, స్మార్ట్‌ఫోన్లో పవర్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కాలి. మౌనాన్ని కూడా పిలుపుగా లెక్కగట్టే ఏర్పాటిది. మన ఇళ్లల్లో ఇది తెలిసినవాళ్లెందరు? ‘బటన్ నొక్కే అవసరం మనకెందుకొస్తుంది’ అనుకోవడమే మనం ఆడపిల్లలకు ఇచ్చే శిక్షణ.

చట్టం ఈమధ్య కొంత కదిలింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం కేసు పెట్టదగిన నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పొచ్చు. సమాచారాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపొచ్చు. కాకపోతే పంపినవాళ్లు మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి. ఈ గడువు తయారుచేసినవాళ్లు పక్క వాటా ఆవిడను మనసులో పెట్టుకుని ఉండరు. ఆ మూడు రోజుల్లో ఆమె ఇంటికి అత్త వస్తుంది, మేనమామ వస్తాడు, కుల పెద్ద వస్తాడు. పిల్లల మొహం చూడమంటారు. సంతకం పెట్టకపోతే ఆమె చెప్పింది అబద్ధమని రాసుకుంటారా, ఇంకోసారి వెళ్లి అడుగుతారా?